ఇంటి కార్ఖానాలో జలాంతర్గామి

ఖాళీ చెంబును చెరువునీటిపై నిలువుగా విడిచినచో అది తేలును. నిండ ముంచి విడిచినచో అడుగునకు పోవును. ఈ రెంటి నడుమ నున్న స్థితిని, అనగా పైకి తేలక, అడుగంటక, నీటి మధ్యమున నిలిచియుండు స్థితిని మానవుడు తన యిష్టానుసారము సాధించుటయే జలాంతర్గామి విద్య. మన పూర్వులు కాలమును కొలుచుటకు వాడిన గడియకుడుక ఈ విద్యలో సగము నెరిగియున్నదే. అడుగున సన్నని రంధ్రము గల ఆ లోహపు గిన్నెను తొట్టినీటిలో విడిచినచో, రంధ్రముగుండ నీరు మెల్లమెల్లగా లోని కెక్కి 24 నిమిషములకు, అనగా ఒక గడియకు, గిన్నె మునిగెడిది. మునుగుట దానికి తెలియును. తిరిగి తేలుటకు మాత్రము మనిషి చేయి కావలసి యుండెడిది. ఆ మిగిలిన సగమును యంత్రమునకు నేర్పుటకు పండితులును, పనివారును, బడిపంతులును మూడువందల సంవత్సరములు శ్రమపడిరి.

ఇందలి ప్రకృతి ధర్మమును క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలోనే సిరక్యూజు నగరవాసియైన ఆర్కిమిడీసు చెప్పియుండెను. ఒక వస్తువు నీటిలో ఎంత చోటు నాక్రమించునో, అంత నీటి బరువుతో సమానమైన బలము దానిని పైకి త్రోయుచుండును. వస్తువు బరువు అంతకన్న తక్కువైనచో తేలును, ఎక్కువైనచో మునుగును, సమానమైనచో ఉన్నచోటనే యుండును. ధర్మము ఇంత సులభము. కాని సులభమైన ధర్మమును పట్టుకొని పనిచేయు ఓడను కట్టుట సులభము కాలేదు. ఆ ప్రయత్నముల చరిత్రను పరికించినచో ఒక విశేషము తెలియవచ్చును. గొప్ప నౌకాశాఖలు నమ్మకముంచక ముందే ఈ విద్య సామాన్యుల యిండ్లలో, పెరళ్ళలో, చిన్న కొలుములవద్ద పెరిగినది. నేడు కొందరు తమ యింటి కార్ఖానాలో రేడియోతో నడచు బొమ్మ జలాంతర్గామిని కట్టుకొనుచున్నారన్నచో, వారు క్రొత్త వేడుకను కనిపెట్టినవారు కారు. ప్రాత దారిలోనే నడచుచున్నవారు.

1620 ప్రాంతమున కొర్నీలియసు డ్రెబ్బెల్ అను డచ్చి దేశీయుడు లండనులో థేమ్సు నదియందు తెడ్లతో నడచు మునుగు పడవను చూపెను. అటుపిమ్మట నూటయేబది సంవత్సరములకు అమెరికాలోని కనెక్టికట్ సీమయందు డేవిడ్ బుష్నెల్ అను రైతుబిడ్డ ఈ పనికి పూనుకొనెను. అతడు ముప్పది యేండ్ల వయస్సు దాటిన తరువాత యేల్ కళాశాలలో చేరి చదువుకొనినవాడు. 1775లో సేబ్రూకు గ్రామమున అతడు కట్టిన పడవకు తాబేలు అని పేరు. రెండు తాబేటి డిప్పలను ఎదురెదురుగా కలిపినట్లుండు ఆ ఓకుచెక్క పడవలో ఒక్కడే మనిషి పట్టును. అతడు కాలితో కవాటమును నొక్కి నీటిని లోనికి రానిచ్చి మునుగును, పంపుతో ఆ నీటిని తోడివేసి తేలును, చేతితో మరను త్రిప్పి ముందునకు సాగును. చీకటిలో దిక్సూచి కనబడుటకై, కుళ్ళిన కొయ్యపై పెరుగు మెరుపు శిలీంధ్రమును ముల్లునకు అంటించిరి. లోని గాలి అరగంటకు మాత్రమే చాలును. 1776 సెప్టెంబరు 6వ తేది రాత్రి ఎజ్రా లీ అను సైనికుడు దీనిలో కూర్చుండి న్యూయార్కు రేవున బ్రిటిషు యుద్ధనౌకయైన ఈగిల్ అడుగునకు చేరెను గాని, దానికి మందుపాత్రను బిగింపలేక తిరిగివచ్చెను. దాడి విఫలమైనది. అయినను నీటితొట్టి, కవాటము, పంపు అను మూడు సాధనములు ఆనాడే స్థిరపడినవి. నేటి బొమ్మ జలాంతర్గామిలో నున్నవియు ఆ మూడే.

ఈ చరిత్రలో అందరికన్న ఎక్కువగా తలచుకొనవలసినవాడు జాన్ ఫిలిప్ హాలండు. ఇతడు 1841లో ఐర్లండులోని లిస్కానర్ అను సముద్రతీర గ్రామమున జన్మించెను. తండ్రి తీరరక్షణ శాఖలో చిన్న ఉద్యోగి. హాలండు బడిపంతులై కార్కు నగరమున పాఠములు చెప్పుచుండగా, 1862లో అమెరికా అంతర్యుద్ధమున రెండు ఇనుపకవచపు ఓడలు పోరాడిన వార్త పత్రికలలో వచ్చెను. ఇనుప ఓడను పైనుండి కొట్టుట కష్టమైనచో నీటిక్రిందనుండి సమీపింపవచ్చును గదా యను ఆలోచన ఆ వార్త చదివినపుడే అతనికి కలిగెను. 1873లో అతడు అమెరికాకు పోయెను. బోస్టన్ వీధిలో మంచుపై జారిపడి కాలు విరిగి మంచమున నున్న దినములలో తన ప్రాత చిత్తుపటములను మరల దిద్దుకొనెను. పిమ్మట న్యూజెర్సీలోని పాటర్సన్ పట్టణమున బడిలో చేరెను. 1875లో తన పథకమును అమెరికా నౌకాశాఖకు పంపగా, ఆచరణయోగ్యము కాదని వారు త్రిప్పి పంపిరి.

పంతులు నిరుత్సాహపడలేదు. గడియారపు చుట్టతో నడచు ముప్పది అంగుళముల బొమ్మ జలాంతర్గామిని చేసి, కోనీ ద్వీపమున సముద్రపు నీటిలో దానిని నడిపి చూపెను. ఐర్లండు స్వాతంత్ర్యము కొఱకు పాటుపడుచుండిన ఫీనియను సంఘమువారు దానిని చూచి ధనసహాయమునకు ఒప్పుకొనిరి. నౌకాశాఖ కాగితముమీద నమ్మని దానిని బొమ్మ నీటిమీద నమ్మించెను. ఆ ధనముతో కట్టిన 14 అడుగుల మొదటి పడవను 1878 మే నెలలో పాటర్సన్ వద్ద పసైక్ నదిలో దింపిరి. దింపిన వెంటనే అది మునిగినది. పైకి తీసి బాగుచేసిన పిదప దాని యంత్రము పనిచేయలేదు. హాలండు ప్రక్కన ఒక ఆవిరిపడవను నడిపించి, గొట్టముద్వారా దాని ఆవిరిని తన యంత్రమునకు అందించి, జూన్ నెలలో 12 అడుగుల లోతునకు మునిగి తిరిగి వచ్చెను. తెలిసికొనవలసినది తెలిసికొన్న తరువాత, యంత్రమును ఊడదీసికొని ఆ పడవను ఏటిలోనే ముంచివేసెను.

1881లో 31 అడుగుల రెండవ పడవ సిద్ధమైనది. దానిని ఇంకను మెరుగుపరచు మార్గములను పరీక్షించుటకై అతడు 16 అడుగుల చిన్న నమూనాను గూడ కట్టించెను. 1883లో ధనము విషయమున తగవు వచ్చి, ఫీనియనులు ఒకనాటి రాత్రి రెండు పడవలను త్రాళ్ళతో లాగికొనిపోయిరి. చిన్న నమూనా మూత సరిగా బిగింపనందున దారిలోనే మునిగిపోయినది. పెద్ద పడవను నడుపుట వారికి తెలియదు. పది సంవత్సరముల శ్రమ ఒక రాత్రిలో హాలండు చేయి జారిపోయెను.

అయినను అతడు పని విడువలేదు. 1897 మే 17న నీటిలో దింపిన ఆరవ పడవ అతని కీర్తిని నిలిపినది. సుమారు 54 అడుగుల ఆ పడవ నీటిపై గాసొలీను యంత్రముతోను, నీటిక్రింద బ్యాటరీల విద్యుత్తుతోను నడిచెను. 1900 ఏప్రిలు 11న అమెరికా నౌకాశాఖ దానిని ఒక లక్షా యేబది వేల డాలర్లకు కొనెను. ఇరువది ఐదు సంవత్సరముల క్రితము త్రిప్పి పంపిన శాఖయే ఇది. నీటిపై నూనెయంత్రము, నీటిక్రింద బ్యాటరీ అను ఈ ఏర్పాటు అర్ధశతాబ్దమునకు పైగా జలాంతర్గాము లన్నిటికిని ఒరవడి యైనది. విశాఖపట్టణమున రామకృష్ణా సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న కుర్సురా జలాంతర్గామిలో దిగి చూచినవారు డీజిలు యంత్రములను, బ్యాటరీల గదులను చూచియే యుందురు. 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరి 2001 ఫిబ్రవరి వరకు సేవచేసిన ఆ నౌకలో పాటర్సన్ బడిపంతులు ఊహయే పనిచేసినది.

అదే కాలమున సైమన్ లేకు అను మరియొక యువకుడు వేరొక దారిలో నడిచెను. ఇతనికి ఈ పిచ్చి ఎక్కించినది ఒక నవల. జూల్సు వెర్ను వ్రాసిన సముద్రగర్భ యాత్రల కథను బాల్యమున చదివి, తానును సముద్రపు అడుగున తిరుగవలెనని అతడు నిశ్చయించుకొనెను. ధనము లేనందున 1894లో దేవదారు పలకలను రెండు పొరలుగా పేర్చి, నడుమ కిత్తాను గుడ్డ పరచి, చక్రములు గల చిన్న పడవను చేసెను. గాలిని నిలువచేయుటకు సోడా అంగటిలో వాడు తొట్టినే తెచ్చి బిగించెను. ఆ కొయ్యపెట్టె న్యూజెర్సీ తీరమున నీటిక్రింద నేలమీద బండివలె దొర్లెను. 1898లో అతని తరువాతి పడవ సముద్రయానము చేసి న్యూయార్కు చేరగా, జూల్సు వెర్ను స్వయముగా అభినందన తంతి పంపెను. హాలండు పడవ చేపవలె తల వంచి రెక్కల బలముతో మునుగును, లేకు పడవ గడియకుడుకవలె సమముగా దిగును. నేటి బొమ్మల నిర్మాతలలోను ఈ రెండు సంప్రదాయములు నిలిచియున్నవి.

ఇక రేడియో మాట. 1898లో న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేరు గార్డెనులో జరిగిన విద్యుత్ ప్రదర్శనమున నికోలా టెస్లా సుమారు నాలుగడుగుల ఇనుప పడవ నొకదానిని నీటితొట్టిలో విడిచి, తీగ యేదియు లేకుండ దూరమునుండి నడిపెను. పడవలోని చిన్న గొట్టములో లోహపు రజను నింపబడి యుండెను. తరంగము తగిలినపుడు ఆ రజను ఒకటిగా కూడి విద్యుత్తును పోనిచ్చును. ఆ విద్యుత్తు చుక్కానిని, మరను, దీపములను కదల్చును. ఆ సంవత్సరము నవంబరు 8న అతనికి 613809వ సంఖ్య గల హక్కుపత్రము లభించెను. అంతతో ఆగక, నీటిలో మునుగగల మరియొక పెద్ద పడవను గూడ తాను చేసితినని, తరంగములను గ్రహించు తీగచుట్టను బయట స్తంభముమీద గాక నీరు చొరని పెంకులోపలనే అమర్చితినని టెస్లా తరువాత వ్రాసియున్నాడు. రేడియోతో నడచు జలాంతర్గామి అను భావము ఇట్లు రేడియో బాల్యముననే పుట్టినది.

టెస్లా సాధనములు సామాన్యుల చేతికి వచ్చుటకు చాలకాలము పట్టినది. 1937లో అమెరికాకు చెందిన గుడ్ సోదరులు రేడియోతో నడచు బొమ్మ విమానమును ఎగురవేసిరి. నాటి గాజుబుడ్డి వాల్వులును వాని బ్యాటరీలును బరువైనవి. చుక్కానిని త్రిప్పుటకు మెలిపెట్టిన రబ్బరు పట్టీయే శక్తి. మీట నొక్కిన ప్రతిసారి చుక్కాని కుడికి, మధ్యకు, ఎడమకు వరుసగా మారును. ఎడమకు పోవలెనన్నచో ముందు కుడిని దాటి రావలెను. 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు కనుగొనబడిన తరువాత బరువు తగ్గినది. 1960 దశకమున, చేయి ఎంత కదలిన చుక్కాని అంతే కదలు పద్ధతి వచ్చినది. అప్పటినుండి బొమ్మ జలాంతర్గామిని ఇంటియందు కట్టుట సాధ్యమైన పని యైనది.

ఆ పని యెట్టిదో కుర్సురానే ఉదాహరణముగా తీసికొని చూడవచ్చును. ఆ నౌక పొడవు 91.3 మీటర్లు. నీటిపై నున్నపుడు దాని బరువు సుమారు 1,950 టన్నులు, మునిగినపుడు నీటితో కలిపి సుమారు 2,475 టన్నులు. 48వ వంతు కొలతతో బొమ్మ చేసినచో పొడవు 1.9 మీటర్లగును. కాని బరువు 48వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గును గనుక, 48ని మూడుమార్లు హెచ్చవేసిన 1,10,592వ వంతగును. అనగా మునిగిన బొమ్మ బరువు 22 కిలోలకు కొంచెము ఎక్కువ. తేలిన స్థితికిని మునిగిన స్థితికిని భేదము నాలుగుముప్పావు కిలోలు. అంత నీటిని పట్టు తొట్టిని లోపల అమర్చుట కష్టము. అందుచేత నిర్మాతలు ఒక యుక్తి పన్నిరి. బయటి పెంకులోనికి నీటిని స్వేచ్ఛగా రానిచ్చి, యంత్రములను మాత్రము లోపల నీరు చొరని గొట్టములో నుంచెదరు. అప్పుడు నీటిపైకి లేపవలసినది పలుచని పెంకు బరువే గనుక చిన్న తొట్టి చాలును.

పెంకును ఫైబరుగ్లాసుతోను, లోపలి గొట్టమును గట్టి ప్లాస్టికుతోను చేయుదురు. గొట్టము రెండు చివరల మూతలకు రబ్బరు వలయములను బిగింతురు. మర ఇరుసు బయటకు వచ్చుచోట నీరు దూరకుండ చేయుటయే అన్నిటికన్న కఠినమైన పని. ఒక మీటరు లోతున నీరు ప్రతి చదరపు సెంటీమీటరును నూరు గ్రాముల బరువుతో నొక్కును. నూరు చదరపు సెంటీమీటర్ల మూతపై అది పది కిలోల బరువగును. తొట్టిలోనికి నీటిని తీసికొనుటకు కొందరు సూదిమందు గొట్టమువంటి ముషలకమును, కొందరు పంపును, కొందరు అదిమిపెట్టిన వాయువును వాడుదురు. సీసపు బరువును అడుగున పరచుట మరువరాదు. తంజావూరు బొమ్మ ఎటు త్రోసినను లేచి నిలుచుటకు కారణమైన ధర్మమే జలాంతర్గామి నీటిలో దొర్లిపోకుండ కాపాడును.

ఇందలి మూలసూత్రమును పిల్లలు ఖర్చులేకయే చూడవచ్చును. సిరా వేయు గాజు ఫిల్లరులో సగము నీరు నింపి, నీరు నిండిన ప్లాస్టికు సీసాలో తేలునట్లు విడిచి, మూత బిగించి సీసాను నొక్కవలెను. ఫిల్లరులోని గాలి కుదించుకొని, మరికొంత నీరు లోనికి చేరి, అది మునుగును. చేయి వదలినచో తేలును. ఫిల్లరులో నీరు ఎక్కుట, దిగుట కంటికి కనబడును.

రేడియో తరంగములకును నీటికిని సరిపడదు. నేటి ఆటవస్తువులలో ఎక్కువగా వాడబడు, సెకనుకు 240 కోట్ల కంపనములు గల తరంగములు నీటిలో కొన్ని అంగుళములకే అణగిపోవును. సెకనుకు 2.7 కోట్లు మొదలు 7.5 కోట్ల వరకు కంపనములు గల ప్రాత పద్ధతి తరంగములు మంచినీటి చెరువులో కొన్ని మీటర్ల లోతు వరకు చేరగలవు. ఉప్పునీటిలో అవియు నిలువవు. అందుచేత బొమ్మ జలాంతర్గామికి మంచినీటి చెరువే తగినచోటు. ఆజ్ఞ అందని క్షణమున తొట్టిని ఖాళీచేసి బొమ్మ తనంతట తేలునట్లు ముందుగానే ఏర్పాటు చేసికొందురు. నిజమైన నౌకలకును ఈ చిక్కు తప్పలేదు. వానికి సెకనుకు 3 వేలు మొదలు 30 వేల కంపనములు మాత్రమే గల మందగతి తరంగములను పంపవలెను. దానికి విశాలమైన భూమియు, ఎత్తైన స్తంభములును కావలెను. అట్టి కేంద్రము తిరునెల్వేలి వద్ద 1990 నుండి పనిచేయుచున్నది. రెండవదానికి 2024 అక్టోబరు 15న తెలంగాణములో వికారాబాదు జిల్లా దామగుండము అటవీప్రాంతమున శంకుస్థాపన జరిగెను. సముద్రమునకు దూరమైన ఆ సీమవారు తమ అడవిని గూర్చి ఆందోళన చెందిరి. జలాంతర్గామి కథ మెట్టసీమ వరకును వచ్చినది.

ఈ విద్యకు ఒక చీకటి ముఖమును కలదు. హాలండు తాను పెంచిన వ్యాపారసంస్థనుండి 1904లో వైదొలగి, 1914 ఆగస్టు 12న కన్నుమూసెను. నలువది దినములు దాటగానే, సెప్టెంబరు 22న, జర్మను జలాంతర్గామి యొకటి మూడు బ్రిటిషు యుద్ధనౌకలను రెండు గంటలలోపుననే ముంచెను. 1,400 మందికి పైగా మరణించిరి. 1971 డిసెంబరు తొలివారమున మన విశాఖ తీరమున పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ మునిగినపుడు దానిలోని తొంబది మందికి పైగా నావికులు తిరిగి రాలేదు. శత్రువులైనను వారును తల్లుల బిడ్డలే. లేకు కోరినట్లు సముద్రపు అడుగును పరిశోధించుటకును ఈ విద్య ఉపయోగపడినది. 1931లో ఉత్తరధ్రువపు మంచుక్రింద పయనించుటకు బయలుదేరిన నాటిలసు అను పరిశోధక జలాంతర్గామిని సిద్ధపరచుటలో అతడే పాల్గొనెను. కత్తి వంటిదే యంత్రము. పట్టిన చేతిని బట్టి దాని పని.

తొందరపాటునకును ఈ విద్యలో క్షమ లేదు. 1863లో హొరేసు హన్లీ తన పేరిటి పడవలోనే మరి ఏడుగురితో కూడ మునిగి మరణించెను. నూటయరువది సంవత్సరముల తరువాత, 2023 జూన్ 18న, టైటానికు ఓడ శిథిలములను చూడబోయిన ఒక చిన్న మునుగు నౌక సముద్రగర్భమున నలిగిపోయి అయిదుగురు మరణించిరి. దాని పెంకును గూర్చి నిపుణులు ముందే హెచ్చరించియుండిరి. నీరు మనిషి పలుకుబడిని చూడదు, ధనమును చూడదు, బిగింపును మాత్రమే చూచును. బొమ్మ గొప్పతనము ఇచ్చటనే యున్నది. దానిలో ఎవ్వరును కూర్చుండరు. బొమ్మ మునిగినచో ఒక పాఠము, మనిషి ఉన్న నౌక మునిగినచో ఒక యింటి దుఃఖము. తప్పులన్నియు బొమ్మతో చేసి, దిద్దుకొని, పిమ్మట పెద్ద పనికి పోవుట బుద్ధిమంతుల మార్గము. హాలండు ముప్పది అంగుళముల బొమ్మతో మొదలిడుటలో అంతరార్థ మిదియే.

ఆ బడిపంతులు ఏటిలో ముంచివేసిన మొదటి పడవను 1927లో కొందరు యువకులు బురదనుండి పైకి తీసిరి. అది నేడు పాటర్సన్ ప్రదర్శనశాలలో, ఫీనియనులు లాగికొనిపోయిన రెండవ పడవతో కూడ భద్రముగా నున్నది. బుష్నెలునకు కళాశాల చదువు, హాలండునకు వార్తాపత్రిక, లేకునకు ఒక నవల దారి చూపినవి. ఏ పుస్తకము ఏ చేతిలో పడి యేమగునో ముందుగా చెప్పగలవారు లేరు. అందుచేతనే గ్రంథాలయములో యంత్రశాస్త్ర గ్రంథమును, సాహస కథయు, దినపత్రికయు ఒకే కప్పుక్రింద, అందరికిని అందుబాటులో నుంచుట అవసరము. చదివిన దానిని చేతితో చేసి చూచుటకు ఒక బల్లయు, కొన్ని పనిముట్లును, ఊరిచెరువును ఉన్నచో అంతకుమించి మొదట కావలసినది లేదు.